తువ్వాలు కింద నా చెయ్యి

పరీక్షకి రక్తం రెండుసార్లు ఇవ్వాలి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అని గుంటూరు బ్రాడీపేట డాక్టరమ్మ చెప్పగానే నేను అలవాటు కొద్దీ బేరం పెట్టాను.

"ఒక్కసారే తీసుకుని, దాంతోనే రెండూ చూసుకోకూడదా మేడం?"

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "ఏం చేస్తుంటావు బాబూ?"

"మిర్చి యార్డండి. మా మేనమామ కమిషన్ కొట్లో."

"అదీ సంగతి" అని చీటీలో రెండుసార్లనే రాసింది. నేను ఓడిపోయిన బేరాల్లో అదొకటి.

అక్కడికి వెళ్లింది నా చేతుల కోసం. అవి రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మా యార్డులో ధర నోటితో చెప్పుకోరు. కొనేవాడూ, రైతు తరఫున అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కన ఎంతమంది నిలబడినా ఎవరికీ అంతుపట్టదు. మామయ్యకి మోకాళ్లు అరిగిపోయి యార్డంతా తిరగలేకపోతున్నాడు. కొడుకుల్లేరు. తన తువ్వాలు నా భుజం మీద వేద్దామనుకున్నాడు. అమ్మా నేనూ ఆయన ఇంట్లోనే ఉంటున్నాం. ఈ పని తప్పితే నాకు ఇంకో పని లేదు.

అందుకు పనికిరానివాణ్ణి కూడా కాదు. మొహం చూసి మనిషి ఎంతదాకా దిగుతాడో చెప్పేస్తాను. ఆ చదువు మా నాన్న దగ్గర అయింది.

ప్రకాశం జిల్లా వైపు పోయే రోడ్డు మీద ఆయనకి పురుగుమందుల కొట్టుండేది. నా చిన్నప్పుడు, ఎనభైల చివర్లో, పత్తికి పురుగు పట్టి, ఎన్ని మందులు కొట్టినా చావక, రైతులు కొట్టు ముందుకొచ్చి నానా మాటలూ అనేవాళ్లు. నాన్న నవ్వుతూ చేతులు జోడించేవాడు. పగలంతా జోడించిన ఆ చేతులే ఇంటికొచ్చి అమ్మ మీద పడేవి. స్కూటరుకి స్టాండు వేసే చప్పుడును బట్టి నాకు తెలిసిపోయేది. మెల్లగా వేస్తే అన్నం తినొచ్చు. తన్ని వేస్తే అమ్మ నన్ను బాకీల కింద రైతులు తెచ్చి పడేసిన పత్తి బోరేల, అంటే పెద్ద గోనె మూటల, గదిలోకి తోసి గొళ్లెం పెట్టేది. పత్తి మధ్య కూర్చుంటే బయటి గొడవ సగమే వినపడుతుంది. మిగతా సగం నేనే ఊహించుకునేవాణ్ణి.

కొట్టు మూతపడి ఆయన ఎటో వెళ్లిపోయాక అమ్మ నన్ను తీసుకుని గుంటూరొచ్చేసింది. భయపడే పని అయిపోయిందనే అనుకున్నాను.

ఇరవై దాటాక తువ్వాలు కింద చెయ్యి పెట్టాను. నోరు నా మాట వినేది, మొహం వినేది, చెయ్యి మాత్రం వినేది కాదు. గుడ్డ కింద ఒక పెద్ద మగవాడి చెయ్యి నా వేళ్లని బిగించగానే నా చెయ్యి మంచులా అయిపోయి, చెమట పట్టి, వణికేది.

"ఏమండీ, మీ మేనల్లుణ్ణి కోల్డ్ స్టోరేజీలో పడుకోబెడుతున్నారా?" అన్నాడొక పెద్ద వ్యాపారి మామయ్యతో.

"సరుకు పాడవకూడదు కదండీ" అని అందరికన్నా ముందు నేనే నవ్వాను.

నవ్వు సంగతి సరే, ధర దిగిపోయింది. చెయ్యి వణికితే అమ్ముకునే తొందరలో ఉన్నామని కొనేవాడికి తెలిసిపోతుంది. మర్నాడు మామయ్య పౌడరు డబ్బా తెచ్చి నా అరచేతుల్లో కుమ్మరించాడు. ఆ పౌడరు చెమటలో కలిసి ముద్దయింది. అవతలివాడు చెయ్యి బయటికి లాగి చూసుకుని, "ఏందబ్బాయ్, అట్ల పిండి కలిపావా?" అన్నాడు. అప్పుడే మామయ్య డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు.

పరీక్షలొచ్చాక డాక్టరమ్మ చెప్పింది. "కార్టిసాల్ అని ఒకటుంటుంది. ఒంటిని లేపి నిలబెట్టేది. పొద్దున బాగా ఉండి సాయంత్రానికి దిగిపోవాలి. నీకు పొద్దున లేవాల్సినంత లేవట్లేదు, సాయంత్రం దిగాల్సినంత దిగట్లేదు. చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేది?"

"అందరిళ్లల్లానేనండి."

ఆవిడ ఏమీ అనకుండా కూర్చుంది. ఆ ఎత్తు నాకు తెలుసు. ఊరుకుంటే అవతలివాడే దిగొస్తాడు. దిగొచ్చాను. పత్తి బోరేల గది దాకా చెప్పాను.

"భయంలో పెరిగినవాళ్లకి పెద్దయ్యాక కూడా ఒళ్లు భయంలోనే ఉండిపోతుందంటున్నారు" అంది. "నీకు కచ్చితంగా అదేనని ఈ ఒక్క పరీక్షతో తేల్చలేను."

"మందు రాయండి మేడం."

"దీనికంటూ మందు లేదు. వేళకి నిద్రపో, నడువు, మనసులోది ఎవరితోనైనా మాట్లాడు. టైం పడుతుంది."

"ఎంత టైమండీ?"

"చెప్పలేను."

"సుమారుగా చెప్పండి."

"ఇందులో బేరం లేదు బాబూ" అంది, మెత్తగానే.

మొహాలు చదివే తెలివి, వణికే చెయ్యి ఒకే లాటు సరుకని ఆటోలో కూర్చున్నాక అర్థమైంది. మంచిది ఏరుకుని చెడ్డది వెనక్కి పంపడానికి వీల్లేదు.

సీజను ముదిరింది. ఒక రైతు రాశి పోసి, నేను తువ్వాలు సర్దుకుంటుంటే మామయ్యని పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించానని ఆయన అనుకున్నాడు గానీ నాకంతా వినపడింది.

"తమరే చెయ్యి పెట్టండి బాబూ. ఆ అబ్బాయి వద్దు. ఏడాదంతా కష్టపడి పండించాం."

మామయ్య నా వైపు చూడలేదు. నా భుజం మీంచి తువ్వాలు తీసుకుని, "ఒరేయ్, కాసేపు కాటా దగ్గర ఉండు" అన్నాడు.

ఆ కాసేపు సీజనంతా సాగింది. తర్వాతి సీజనూ సాగింది.  కాటా దగ్గర నా చెయ్యి ఎవరూ పట్టుకోరు. అయినా కాటా మీదికి బస్తా ఎక్కిన ప్రతిసారీ ఆ చెయ్యి వణుకుతూనే ఉంటుంది.