గది చప్పుడు

ఈ మాటను ఏళ్ళ తరబడి నాలుక కింద పెట్టుకుని తిరుగుతున్నాను. ఉమ్మలేదు. మింగలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని. వానొస్తే రాస్తాను, హాస్టల్లో సాంబారు పులిసిపోతే రాస్తాను. ఇది మాత్రం అందులో ఎక్కడా లేదు. డైరీకి కూడా చెప్పనిది నీకెందుకు రాస్తున్నాను? నువ్వు నాకు ఏమీ కావు, బహుశా అందుకే. ఒక్క సంగతి ముందే అంటాను. మధ్యలో ఆపి "పోనీలే, అప్పుడు చిన్నపిల్లవి" అనొద్దు. ఆ ఓదార్పు కావాలంటే మా అమ్మ దగ్గరికే వెళ్ళేదాన్ని.

మాది నగరి. మరమగ్గాల ఊరు. కరెంటు ఉన్నంతసేపూ వీధి వీధంతా దడదడలాడుతూ ఉంటుంది, అందుకే మా వాళ్ళందరూ గట్టిగా మాట్లాడతారు. నాకొక్కదానికే గొంతు లేవదు. ఎవరైనా ఇంటికొస్తే పుస్తకం తీసుకుని వంటింట్లోకి పోయేదాన్ని. అలాంటిదాన్ని రేడియోలోకి ఎందుకు వెళ్ళానంటే, అక్కడ మొహం చూపించనక్కర్లేదని. అంతే. ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో మాత్రం "గొంతు లేనివాళ్ళకు గొంతునివ్వాలని" అన్నాను. కమిటీలో కూర్చున్నవాళ్ళు తలలూపారు. ఆ తలలు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తిరుపతిలో డిగ్రీ అయ్యాక అక్కడే ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో ఇంటర్న్‌గా చేరాను. జీతం లేదు. రికార్డింగుల్లోంచి ఇతరుల దగ్గులూ, తడబాట్లూ కత్తిరించడం నా పని. చంద్రగిరి దాటితే మా స్టేషన్ గరగరే వినిపించేది. ఆ ఏడాది ఇలాంటి రేడియోల్లో పనిచేసే కొత్తవాళ్ళకు ఒక ఫెలోషిప్ ప్రకటించారు. బెంగళూరులో శిక్షణ, స్టైపెండు, తర్వాత ఉద్యోగం. ఒక కథనం పంపాలి. నాతోటి ఇంటర్న్‌లందరూ తిరుమల మీద పడ్డారు. తలనీలాలు ఒకరికి, ఘాట్ రోడ్డు డ్రైవర్లు ఒకరికి.

మా స్టేషన్ హెడ్ నన్ను పిలిచాడు. "నీ ఊర్లో మగ్గాలుండాయి గదమ్మా, కొండకెందుకు? పోయి ఆడోళ్ళ గొంతులు పట్టుకొనిరా. ఏడిస్తే ఇంకా మంచిది." నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండి ఉంటే బాగుండేదా? ఏమీ అయ్యేది కాదు. ఆయన మీద కోపం ఉంది గానీ, ఈ తప్పు ఆయనది కాదు.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల సెల్వక్క ఉండేది. మగ్గాలకు కావలసిన నూలును కండెలకు చుట్టే పని. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి ఇంట్లో ఉండేది. నా చిన్నప్పుడు పండక్కి నాకు జడలేసింది ఆమే. షెడ్డులో మగ్గాలు తిరుగుతుంటే ఏమీ రికార్డవదు కాబట్టి, కరెంటు పోయే వేళ చూసుకుని వెళ్ళాను. దడదడ ఒక్కసారిగా ఆగిపోతే చెవులు గుయ్యిమంటాయి. ఆ నిశ్శబ్దంలో సెల్వక్క నూలు గంపల మధ్య కూర్చుని, ఓనరు చాలా మంచోడని, పని బాగుండాదని, ప్రభుత్వం కరెంటు ఇస్తే చాలని చెప్పింది. కరెంటు ఆఫీసు వాళ్ళకు పనికొచ్చే మాటలు. నాకు విసుగొచ్చింది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనుకున్నాను. నాకు జడలేసిన మనిషి మీద విసుగు.

ఇప్పుడు మా పనిలోని ఒక పద్ధతి చెప్పాలి. మాటలయ్యాక, మనుషులెవ్వరూ మాట్లాడకుండా, ఆ గదిని కాసేపు అలాగే రికార్డు చేస్తాం. గది చప్పుడు అంటాం. కత్తిరించిన చోట్ల అతుకు తెలియకుండా దాన్ని పరుస్తాం. అందుకని ఎదుటి మనిషికి చెప్పాలి: "ఇంకా రికార్డవుతోంది, కాసేపు మాట్లాడకండి" అని. చెప్పడం నియమం. పెద్దావిడను నోరు మూసుకోమనడానికి నాకు మొహమాటం వేసింది. "అయిపోయిందక్కా" అని ఊరుకున్నాను.

"ఆపేసినావా పాపా?" అంది.

"ఆపేసినానక్కా."

అబద్ధమాడాలని కాదు. నిజం చెబితే ఇంకో నాలుగు మాటలు వివరించాలి, ఒక్క మాటయితే సులువు. అక్కడికి అది మొహమాటమే అనుకుందాం. సెల్వక్క కొంగుతో మొహం తుడుచుకుంది. గోడ వైపు చూస్తూ, నాతో కాదన్నట్టు మాట్లాడింది.

"మాతో పనిజేసిన ఆ మునెమ్మ పిల్ల సెయ్యి పోయింది బండి మీదనుంచి పడి కాదు పాపా. ఈడే పోయింది, ఆ మూల మగ్గంలో. నేను పక్కనే ఉండా. 'బండి మీదనుంచి పడిందని సెప్పు, నీ పనికి ఢోకా లేదు' అన్నాడు ఓనరు. సెప్పినా. ఆస్పత్రిలో సెప్పినా, వాళ్ళమ్మ ముందర కూడా సెప్పినా. ఆ యమ్మ నా సెయ్యి పట్టుకొని, నువ్వుండబట్టి నా బిడ్డ బతికిందని ఏడిసింది సూడు..."

ఆమె మొదలుపెట్టిన రెండో మాటకే నా చెయ్యి తనంతట తాను చున్నీ అంచును రికార్డర్ ఎర్ర దీపం మీదికి లాగింది. తనంతట తాను అని రాశాను. చూశావా, ఇంకా తప్పించుకుంటున్నాను. నేనే లాగాను. దీపం కనపడకూడదని లాగాను. అప్పుడు నాలో జాలి లేదు. గుండె కొట్టుకోవడం ఉంది, అది సంతోషం.

"ఎవురికీ సెప్పుకోలేదు పాపా, నీకే..." అంటుండగా కరెంటొచ్చింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా మొదలై ఆమె మాటను మింగేశాయి. సెల్వక్క లేచి పనిలోకి పోయింది.

అడిగి ఉండొచ్చు కదా? సాయంత్రం ఇంటికి పోయి, అక్కా, ఇలా రికార్డయింది, వేసుకోవచ్చా అని? వద్దంటే చెరిపేయొచ్చు. అడగడానికి నాకు సిగ్గు. నలుగురిలో నీళ్ళడగడానికి కూడా సిగ్గుపడేదాన్ని. దొంగతనానికి మాత్రం ఏ సిగ్గూ అడ్డం రాలేదు. పిరికివాళ్ళం మెత్తటివాళ్ళమని జనం అనుకుంటారు. మాకు అది బాగా కలిసొస్తుంది.

ఆ మాటలనే కథనానికి ముగింపు చేశాను. మునెమ్మ పేరు కత్తిరించి, సెల్వక్క పేరు మార్చాను. ఊరి పేరు తీసేశాను. బాధ్యతగా ఉన్నానని నాకు నేనే చెప్పుకున్నాను. రేడియోలో పేరు మారిస్తే ఏం లాభం? మనిషి గొంతు అక్కడే ఉంది, సగం తెలుగు సగం అరవం కలిసిన ఆ సాగదీత. నగరిలో ఏ పసివాడైనా గుర్తుపడతాడు. మా సిగ్నల్ అంత దూరం రాదులే అనుకున్నాను. ఫెలోషిప్ వచ్చింది. ఎంపిక చేసినవాళ్ళు ఆ ముగింపును ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మగ్గాల చప్పుడులో ఆ స్త్రీ గొంతు మునిగిపోవడం అద్భుతమైన కల్పన అన్నారు. కల్పనట! కథనాన్ని వాళ్ళ వెబ్‌సైట్లో పెట్టారు. అక్కడినుంచి ఎవరో వాట్సాప్‌లో వేశారు. నేను బెంగళూరులో కొత్త హెడ్‌ఫోన్లు పెట్టుకుని శిక్షణ తీసుకుంటుంటే, అది నగరి షెడ్లలో ఫోను నుంచి ఫోనుకు పాకింది.

ఓనరు సెల్వక్కను తీసేశాడు. ఇంకే షెడ్డులోనూ ఆమెకు కండెల పని ఇవ్వలేదు. అది నేను ఊహించగలిగినదే. ఊహించనిది మునెమ్మ తల్లి. ఆమె వీధిలోకొచ్చి సెల్వక్క మీద మన్నెత్తి పోసిందని అమ్మ ఫోన్లో చెప్పింది. "నా బిడ్డ సెయ్యి తిన్నావు గదే" అని అరిచిందట. తమ్ముడి పెళ్ళాం ఇంట్లో ఉండనివ్వలేదు. ఓనరు భయపడి మునెమ్మకు ఏదో కొంత ముట్టజెప్పాడు. నిజం బయటపడి ఒకరికి మేలు జరిగింది, నీ రేడియో వల్లే అని నాతో అన్నవాళ్ళున్నారు. నువ్వూ ఇప్పుడు అదే అనబోతున్నావు. అనకు. ఆ నిజం చెప్పే హక్కు సెల్వక్కది. ఒకరోజు తనంతట తాను ఆ తల్లి దగ్గరికి పోయి చెప్పుకునేదేమో. చెప్పుకుంటే వేరు, పట్టుబడితే వేరు. ఆ తేడాను నేను తీసుకుపోయి బెంగళూరులో అమ్ముకున్నాను.

ఇంతవరకూ చదివి నన్ను అసహ్యించుకుంటున్నావా? ఆగు. అసలుది ఇంకా చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం సెల్వక్క ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిడితే నిలబడగలనని కూడా అనుకున్నాను.

"బెంగులూరు బాగుండాదా పాపా? తింటా ఉండావా?" అంది. తర్వాత తనే అందుకుంది. "ఆ పొద్దు మిషను ఆపను మర్చిపోయినావు గదా? ఆపినాననుకొనింటావు. నాకు తెలుసులే. ఈడ అందురూ నువ్వు కావాలనే జేసినావంటా ఉండారు. యాడన్నా ఉంటాదా, నేను జడలేసిన పిల్ల అట్ట జేస్తాదా అని నేను కొట్లాడతా ఉండా. అంతే గదా పాపా?"

అది కాదని చెప్పడానికి నాకు అంతకంటే మంచి తలుపు ఇంకెవరు తెరుస్తారు?

"అవునక్కా. మర్చిపోయినా" అన్నాను.

"నేను సెప్పలేదా!" అంది పక్కన ఎవరితోనో. ఆ గొంతులో గెలుపు. ఇల్లు, పని, వీధి, అన్నీ పోగొట్టుకున్న మనిషి నా విషయంలో మాత్రం గెలిచానని మురిసిపోయింది. నేను ఫోన్ పెట్టేసి క్లాసుకు వెళ్ళాను. ఆ రోజు పాఠం అనుమతి తీసుకోవడం గురించి. నోట్సు చక్కగా రాసుకున్నాను.

ఇప్పుడు తిరుపతిలోనే మంచి ఉద్యోగం. కొత్త ఇంటర్న్‌లకు నేనే పాఠం చెబుతాను. నా ఆ కథనాన్నే నమూనాగా వినిపించమంటారు, వినిపిస్తాను. మొన్న ఒక అమ్మాయి, నాలాగే తలవంచుకుని మాట్లాడేది, అడిగింది: "ఆమె మీతో అంత మనసు విప్పి ఎలా మాట్లాడింది మేడం?"

"నమ్మకం" అన్నాను. ఆ పిల్ల రాసుకుంది.

సెల్వక్క కూడా తిరుపతిలోనే ఉంది. బస్టాండు వెనక ఒక లాడ్జీలో, యాత్రికులు ఖాళీ చేసిన గదులు ఊడుస్తుందని అమ్మ చెప్పింది. నేను ఆ వీధిలో నడవను. ఆటోవాళ్ళు అటు తిప్పితే చుట్టూ పొమ్మంటాను. ఇదంతా రాశాక రేపు ఆమె దగ్గరికి వెళ్తానని నీకు మాటివ్వను. నా మాటకున్న విలువ నీకు తెలిసింది కదా. క్షమించమని కూడా నిన్ను అడగను, నువ్వెవరు క్షమించడానికి? రాస్తుంటే నాలుక కింద బరువు కొంచెం తగ్గింది. తగ్గినందుకు నామీద నాకు ఇంకాస్త కోపం వచ్చింది. అయినా తగ్గింది, అది నిజం.

ఆమె అడిగిన దానికి జవాబు ఒక్కసారైనా సరిగ్గా చెప్పనీ.

ఆపేసినావా పాపా?

ఆపలేదక్కా. మర్చిపోనూ లేదు. ఎర్ర దీపం ఎలుగుతా ఉండాది, నేను సూస్తానే ఉండా.