పోశానేమో

మా అత్తగారి మతిమరుపు వదినగారి చింతచెట్టుతో మొదలైందని మా వాళ్లందరూ చెబుతారు. పెళ్లిళ్లలో చెబుతారు. ఆవిడ పెద్దకర్మ నాడు విస్తళ్ల ముందు కూర్చుని కూడా చెప్పారు. తప్పు. అప్పటికి ఆవిడ మతికి ఏ లోటూ లేదు. ఈ మాట ఏళ్ల తరబడి గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. వాదనకు దిగితే ఊరుకోనని పేరున్నదాన్ని, ఈ ఒక్కదానికే నాకు నోరు రాలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

చెట్టంటే పెరటి చెట్టు కాదు, బోన్సాయ్. జానెడు పళ్లెంలో మూరెడు చింత. తాడేపల్లిగూడెంలో ఉండే మా ఆయన అక్కగారు చంటిపిల్లలా పెంచుకున్నారు. ఒక వేసవిలో యాత్రకు వెళ్తూ ఏలూరులో మా ఇంట్లో దింపి, "నీళ్లు పొయ్యి చాలు, ఇంకేం చెయ్యకు," అన్నారు. ఆ 'ఇంకేం చెయ్యకు' నాకు గుచ్చుకుంది. డిగ్రీలో బోటనీ చదివినదాన్ని, నాకా చెప్పడం?

నిజానికి నాకేం తెలుసు? అంతకుముందే బోన్సాయ్ చేద్దామని ఒక గోరింట మొక్కకు తీగ బిగించి చంపాను. వేళ్లు కత్తిరించి మట్టి మారిస్తే చెట్టు కొత్తగా చిగురిస్తుందని ఒక వీడియోలో విన్నాను. ఎప్పుడు కత్తిరించాలో చెప్పేదాకా కూర్చోలేదు. రోహిణి కార్తె ఎండలో, మేడ మీద, చింతను పళ్లెంలోంచి పెకలించి వేళ్లు సగానికి కోసేశాను. వదినగారు వచ్చేసరికి చిగుళ్లు చూపించి ఆవిడ నోరు మూయించాలని. ఆకులన్నీ రాలిపోయాయి. గోటితో కొమ్మ గీరితే లోపల పచ్చదనం లేదు.

మాతోనే ఉండే మా అత్తగారిది ఆకివీడు. చేపలు కడిగిన నీళ్లు వృథాగా పోతే ఆవిడ ప్రాణం ఒప్పదు. కరివేపాకుకీ గులాబీకీ అవే పోసేవారు. కల్లుప్పు వేసి తోమిన మొదటి నీళ్లు మాత్రం తూములో పారబోసి, తర్వాతి నీళ్లే మొక్కలకు. ఆ వరస ఆవిడ ఏనాడూ తప్పలేదు. నాకు తెలుసు. రోజూ చూసేదాన్ని.

వదినగారు వచ్చి పళ్లెం ముందు కూలబడ్డారు. "ఏం చేశావే దీన్ని?" అని నన్నే అడిగారు.

ఆలోచించకుండా అనేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నోరు తెరిచే ముందు, అత్తగారు ఉన్న వంటింటి వైపు చూశాను.

"అత్తయ్యగారు ఉప్పునీళ్లు పోశారేమోనండీ," అన్నాను.

ఆ 'ఏమో' నా తెలివి. రేపు ఎవరైనా నిలదీస్తే జారుకోవడానికి.

"నేనెందుకు పోస్తానే దానికి?" అన్నారు అత్తగారు.

"చేపనీళ్లు చేతిలో ఉంటే నువ్వు ఆగుతావా అమ్మా? ఇంకా నయం, కొల్లేరంతా తెచ్చి పొయ్యలేదు," అన్నారు వదినగారు. కళ్లనీళ్లు కారుతూనే ఉన్నాయి.

అత్తగారు నా వైపు చూశారు. చాలాసేపే చూశారు. తర్వాత కూతురితో, "పోశానేమోలేవే," అన్నారు.

ఆ రోజు నుంచి మొక్కలకు నీళ్లు పోసే పని ఆవిడ మానేశారు. ఎవరూ మానమనలేదు. తర్వాత గ్యాస్ పొయ్యి దగ్గరకు వెళ్లొద్దని మా ఆయన అన్నారు. "మీరుండండి అత్తయ్యగారూ, మర్చిపోతారు," అని నేనూ అన్నాను, ఒకసారి కాదు. నా 'ఏమో' ఆవిడ నోట్లోకి వెళ్లింది. మాత్ర వేసుకున్నానేమో. తలుపు గడియ పెట్టానేమో. చివరికి, అన్నం తిన్నానేమో.

వయసు వల్ల వచ్చిందన్నారు డాక్టరుగారు. కావచ్చు. నాకు నేను వకీలునై ఆ మాట ఎన్నిసార్లు వాదించుకున్నానో! గెలిచిన ప్రతిసారీ సిగ్గేసింది. మతి సరిగ్గా ఉన్న మనిషికి రోజూ నీకు మతి లేదని చెబుతూ వచ్చినది వయసు కాదు కదా, నేను.

వదినగారికి ఇప్పటికీ చెప్పలేదు. చెబుతానని మాటా ఇవ్వను. చెట్టును చంపింది నేను, అత్తగారి మీద వేసింది నేను. ఇలా రాసుకున్నాక కాస్త ఊపిరాడుతోంది, అంతే. క్షమించాల్సిన మనిషి లేరు.

ఆవిడ మాత్రం ఆ 'పోశానేమో' నన్ను నమ్మి అన్నారా, తెలిసే నన్ను కాచారా?