బొంతలో వెచ్చని సగం

మా అత్త గోపమ్మకు గుడ్డపేలిక కనిపిస్తే కాలు ముందుకు సాగదు. తమిళనాట మా ఏ. పళ్లిపట్టి ఊరి కూడలిలో టైలర్లు ఊడ్చి పారేసే ముక్కలన్నీ సంచీలో వేసుకుని వస్తుంది. పొలం పని లేని రోజుల్లో వాకిట్లో తొక్కుడు మిషన్ ముందు కూర్చుని బొంతలు కుడుతుంది. ఆమె బొంత మీద పడుకోబెడితే పసిపిల్లలు హాయిగా నిద్రపోతారని ధర్మపురి దాకా పేరు. ఇంట్లో చీపురు పట్టే పెద్ద కోడలిని కాబట్టి ఆ పేరు వెనక చెత్త ఎంతో నాకు తెలుసు. మా ఇంటి సాంబారులో కూడా దారపు పోగులు వస్తాయి.

ఆమె పని తీరు మాత్రం చూసి తీరాలి. రెండు చదరపు ముక్కలను ముఖానికి ముఖం ఆనించి, మూల నుంచి మూలకు అరిగిన సబ్బుముక్కతో గీత గీస్తుంది. గీతకు అటొక కుట్టు, ఇటొక కుట్టు వేసి, సరిగ్గా గీత మీద కత్తెర నడిపిస్తుంది. విప్పితే రెండు చదరాలు, ఒక్కోదాంట్లో రెండు రంగుల ముక్కోణాలు. అలాంటివి నాలుగు కలిపితే గాలికి తిరిగే కాగితపు గిరకలాంటి పువ్వు తయారవుతుంది. ఒక్క కోతకు ఇద్దరు పుడతారనీ, ఆ కవలలను విడదీయకుండా ఒకే బొంతలో పెట్టాలనీ అంటుంది. చనిపోయినవాళ్ల బట్ట ముట్టదు. ఎవరు ఏ గుడ్డ తెచ్చినా ఎవరిదో అడిగి మరీ తీసుకుంటుంది. అదంతా చాదస్తమని నేను ఆమె మొహం మీదే అనేదాన్ని.

ఈ ఏడాది నా తోడికోడలు మోహనప్రియకు కవలలు పుట్టారు, ఒక పిల్లాడు, ఒక పిల్ల. అత్త ఒకే పసుపుపచ్చ గుడ్డలోంచి ఇద్దరికీ రెండు చొక్కాలు కుట్టింది. పిల్ల, పేరు పెట్టకముందే పోయింది. మా చెరుకు తోట గట్టు దగ్గర పూడ్చిపెట్టారు. చొక్కా కూడా దానితోనే పోయిందని అందరం అనుకున్నాం.

పిల్లాడు గోకుల్‌కు కాస్త ఒళ్లు వచ్చాక అత్త బొంత మొదలుపెట్టింది. చొక్కా బిగుతైపోయిందంటూ మోహనప్రియ ఒక పసుపు చొక్కా తెచ్చి ఇచ్చింది. అలవాటు ప్రకారం ఎవరిదని అత్త అడిగింది. గోకుల్‌దేనని మోహనప్రియ చెప్పింది. చొక్కా ముందుభాగం ఒక చదరం, వీపు ఒక చదరం, వాడి నాన్న, మా మరిది నీలం లుంగీతో జత. కోసి విప్పేసరికి పసుపూ నీలం కలిసిన నాలుగు ముక్కలయ్యాయి. మర్నాడు చూస్తే మూడే ఉన్నాయి. ఇల్లంతా వెతికి, దొరక్క, నాలుగోదాని చోట ఎర్రముక్క వేసి అత్త పువ్వు ముగించింది. మనసొప్పకే ముగించింది, ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ బొంత మీద గోకుల్ ఒక అంచుకు జరిగి పడుకునేవాడు. నడుమ వేసినా కాసేపటికి అంచుకే జరిగేవాడు, పక్కన ఇంకొకరికి చోటు ఇచ్చినట్టు. చెయ్యి మాత్రం చాపి ఆ పసుపు పువ్వు మీద పెట్టేవాడు. ఎవరూ లేని వైపు చూసి నవ్వేవాడు. ఒక మధ్యాహ్నం బొంత దులుపుదామని ఆ ఖాళీ సగం మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో లేచిపోయినట్టు. కిటికీ ఎండ అనుకున్నాను. బొంతను నీడలోకి లాగి వేసినా అంతే. నాకు భయం వేసింది.

పిల్లాడు పాలు మానేశాడు. ఊరి నర్సమ్మ తూకం వేసి, చిక్కిపోతున్నాడని కసిరింది. డాక్టరు మందు రాసిచ్చినా గుణం లేదు. వీడు కూడా చెల్లెలి దారి పడతాడేమోనని అందరి మనసులోనూ ఉంది.

ఆ వారంలోనే ట్రంకుపెట్టె సర్దుతుంటే మడతపెట్టిన పసుపు చొక్కా ఒకటి నా చేతికి వచ్చింది. మెడ దగ్గర గోకుల్ కక్కిన పాలమరక అలాగే ఉంది. వాడి చొక్కా ఇది అయితే, కోసింది ఎవరిది? తీసుకెళ్లి అత్త ఒళ్లో పెట్టాను.

అత్త కేకలు వేయలేదు. మోహనప్రియను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాలుగో ముక్క నీ దగ్గరే ఉంది కదమ్మా?"

మోహనప్రియ జాకెట్టులోంచి ఆ ముక్క తీసింది. చెమటకు తడిసి ముడుచుకుపోయి ఉంది.

"దానికి పేరు కూడా పెట్టలేదు అత్తా. ఇది కూడా మన్నులో పెట్టేస్తే, అది పుట్టిందని ఎవరికి తెలుస్తుంది? అన్నతో కొన్నాళ్లు పండుకోనీ అనుకున్నాను."

"ముక్కలిట్ల విడిపోతే అది నీ దగ్గరికి రావాల్నా, వాడి దగ్గర ఉండాల్నా? దోవ తెలీక తిరుగుతా ఉంది బిడ్డ. వాణ్ణి కూడా పిలుచుకోని పోతుంది. ఇచ్చేయమ్మా."

మోహనప్రియ చాలాసేపు ఆ ముక్కను పిడికిట్లోనే పట్టుకుంది. ఒళ్లోని గోకుల్ ఏడవడానికి కూడా ఓపిక లేక మూలిగాడు. అప్పుడు ఇచ్చింది.

అత్త బ్లేడుతో ఆ పువ్వును కుట్టు కుట్టుగా విప్పింది. నాలుగు పసుపు ముక్కలనూ ముఖానికి ముఖం పెట్టి మడిచి, చెరుకు తోట గట్టు దగ్గర తన చేత్తోనే గుంట తీసి పూడ్చింది. నేను నీళ్లు పోశాను. వచ్చి బొంతలో పడిన కంతకు తన పాత చీర ముక్కలతో ఇంకో పువ్వు కుట్టింది. నా నోట్లోంచి చాదస్తమన్న మాట రాలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం గోకుల్ కడుపునిండా పాలు తాగి, బొంత నడిమధ్యలో కాళ్లూ చేతులూ బారజాపి నిద్రపోయాడు. మరిది నవ్వుతూ ఊళ్లో చెప్పడానికి పోయాడు. అత్త కళ్లు తుడుచుకుని మిషన్‌కు నూనె వేయసాగింది.

మోహనప్రియ మాత్రం బొంత పక్కన కూర్చుని, అంచున మిగిలిన ఖాళీ చోట అరచెయ్యి ఆనించింది.

"సల్లగా అయిపోయింది అక్కా," అంది నాతో.

ఆ చోటు తన వేడికి వెచ్చబడేదాకా చెయ్యి తీయలేదు.