వంకర ముల్లు

నా చిన్నప్పుడు, ప్రత్యేక రాష్ట్రం గొడవల వల్ల బడులు నెలల తరబడి మూతపడిన ఏడాది, అశోక్‌నగర్‌లో నాతో ఆడే పిల్ల ఒక్కతీ లేకపోయింది. మేము కోస్తా నుంచి వచ్చినవాళ్లం. ఎదురింటి నా స్నేహితురాలు గేటు దగ్గరికి రావడం మానేసింది. నేనూ తక్కువ తినలేదు, "మీరంతా మొరటువాళ్లు" అని దాని మొహం మీదే అరిచి వచ్చాను. ఆ తర్వాత పలకరింపు కోసం మొహం వాచిపోయాను.

అప్పుడు మా ఇంటి ఓనరు పెద్దమ్మ నన్ను చేరదీసింది. ఆవిడ భర్త ఒకప్పుడు ఆఫ్రికాలో, జాంబేజీ నది లోయలో రోడ్ల సర్వే పని చేశాడట. ఆయన పొద్దున పోతే మళ్లీ చీకటి పడ్డాకే రాక. ఈవిడకేమో అక్కడి భాష రాదు.

"మనుషులతోని మాట్లాడరాకపాయె, చెట్లనన్న గుర్తుపడదామనుకున్న బిడ్డా" అనేది.

ఆవిడ ట్రంకుపెట్టె నిండా కాగితాల మధ్య ఎండబెట్టిన ఆకులే. సీతాకోకచిలుక రెక్కల్లా జంటగా ఉండేదొకటి, అయిదు వేళ్లు చాచినట్టుండేది ఇంకొకటి. పేరు మాత్రం వెంటనే చెప్పేది కాదు. ముందు ఈనెలు చూడాలి, వాసన చూడాలి, ముల్లుంటే తడమాలి.

ఒకరోజు ఒక ఎండు రెమ్మ నా చేతిలో పెట్టింది. ఆకుకు మూడు ఈనెలు. ఆకు మొదలు దగ్గర రెండు ముళ్లు, ఒకటి తిన్నగా, ఒకటి వంకరగా.

"ఇది అక్కడి అడవి రేగు, మన రేగుకు చుట్టమే. తిన్నగున్నది పొడుస్తది, వంకరది పట్టుకుంటది. గుంజితే చీర చినుగుతది. మళ్ల పొద దిక్కే ఒక్కడుగు వెయ్యాలె, అప్పుడు ఇడుస్తది. అక్కడి ఆడామె సైగలతోని చెప్పింది నాకు. మన రేగుకు గట్లనే ఉంటదా? పోయి ఒక రెమ్మ తే."

మా వీధిలో రేగుపొద ఉన్నది ఎదురింటి గోడ పక్కనే. ఆ సంగతి ఆవిడకు తెలియకపోలేదు.

బితుకుబితుకుమంటూ వెళ్లి రెమ్మ విరిచాను. తలెత్తితే గేటులో నా స్నేహితురాలు. గిరుక్కున తిరిగి పరుగెత్తబోతే ముల్లు గౌను పట్టుకుంది. పాఠమంతా మరిచిపోయి గుంజాను. పర్రుమంది.

"గుంజకే, చినుగుతది. ఇటు రా" అంది.

పొద వైపే ఒక అడుగు వేశాను. అది తల వంచుకుని, ముల్లు విడదీసి, గౌను దులిపి నిలబడింది. ఆ రోజు అన్న మాటకు తప్పయిందని చెబుదామనుకున్నాను. చేతిలోని రెమ్మనే చూస్తూ ఉండిపోయాను. అది కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది.

చినిగిన గౌను చూసి పెద్దమ్మ సూదీ దారం తీసుకుని కూర్చుంది.

బడులు తెరవకముందే నాన్నగారికి విజయవాడ బదిలీ అయింది. ఆ పిల్ల నాతో ఆడిన ఆఖరి మాట ఆ "ఇటు రా" అన్నదే.

ఎవరితోనైనా మాటామాటా వచ్చి విసురుగా లేచి వెళ్లబోతే, ఇప్పటికీ ఆ గొంతు వినిపిస్తుంది. ఆగి, వాళ్ల వైపే ఒక అడుగు వేస్తాను. చాలాసార్లు ముల్లు వదిలింది. ఆ రోజు చెప్పలేకపోయిన మాట ఒక్కటే ఇంకా పట్టుకుని ఉంది.