దిష్టికుండ మీద మీసాలు

రామచంద్రపురంలో మేము అద్దెకున్న ఇంటి దొడ్డి ఇప్పటికీ నాకు సాయంత్రపు ఎండలోనే గుర్తొస్తుంది. దారికి రెండు వైపులా ఏటవాలుగా పాతిన ఇటుకలు, ఒకదానికి ఎర్రటి జాజు, ఒకదానికి సున్నం. బీటలు వారిన ఆవకాయ జాడీల్లో క్రోటన్లు. జామకొమ్మకు తాళ్ళతో వేలాడే కొబ్బరిచిప్పల్లో టేబుల్ రోజాలు. గాలి వస్తే చిప్పలు మెల్లగా తిరిగేవి, వాటితో పాటు నేల మీద నీడలూ తిరిగేవి. అరుగు మీద కూర్చుని వాటిని చూస్తూ హోంవర్క్ సంగతే మరిచిపోయేదాన్ని.

అదంతా నాన్నగారి పని. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన అడుగుల చప్పుడు వింటే ఇంట్లో కూడా మా మాటలు ఆగిపోయేవి. పగిలిన గాజుముక్కలు ఏరి గులాబీ పాదు చుట్టూ తడిమట్టిలో అద్దుతున్నప్పుడు మాత్రం ఆయన చేతులు ఎంత నెమ్మదిగా కదిలేవో. ఆ గులాబీని చూస్తే నాకు కుళ్ళుగా ఉండేది. నాతో కూడా ఒక్కసారి అంత నెమ్మదిగా మాట్లాడితే చాలనిపించేది.

దారినపోయేవాళ్ళంతా ఆగి దొడ్డిని మెచ్చుకునేవారు. ఒక వేసవిలో గులాబీ మొగ్గలు విచ్చకుండానే రాలిపోవడం మొదలైంది. నరదిష్టి అని నానమ్మ తేల్చేసింది. మసిపట్టిన కుండ ఒకటి నా ముందు బోర్లించి, పక్కన సున్నం గిన్నె పెట్టింది.

"బొమ్మలు బాగా వేస్తావుగా. చూసినవాళ్ళ గుండె ఝల్లుమనాలి."

నాకు తెలిసిన భయాన్నంతా తలుచుకుని వేశాను. కలిసిపోయిన కనుబొమలు, గుడ్లురిమే కళ్ళు, మెలితిరిగిన మీసాలు, బిగించిన మూతి. కుండను కర్రకు తగిలించి గులాబీల మధ్య నిలబెట్టాం.

అప్పుడే నాన్నగారు దొడ్లోకి వచ్చారు. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి పకపకా నవ్వారు. "ఏంటండీ మాస్టారూ, దొడ్లో మీరే నిలబడ్డట్టు ఉందండీ."

అప్పుడు చూశాను. అచ్చం నాన్నగారే.

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. కుండ దగ్గరికి వచ్చి వంగి చూసి, "నేనింత భయంగా ఉంటానా?" అని అడిగారు. నేను గబగబా తడిగుడ్డ తెచ్చాను. చెరిపేయబోతే వద్దన్నారు.

ఏటా వానలకు సున్నం కరిగిపోయేది. కార్తీకంలో మళ్ళీ వేసేదాన్ని. నాన్నగారు గిన్నె పట్టుకుని పక్కన కూర్చునేవారు. "ఈసారి కళ్ళు కాస్త చిన్నవి చేద్దామా?" అని అడిగేవారు. మరుసటి ఏడు కనుబొమలు విడదీశాం. ఆ తర్వాత మీసాలు దించాం.

నేను కాలేజీలో చేరిన ఏడు మూతి ఆయనే వేశారు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వు. నానమ్మ చూసి నుదురు కొట్టుకుంది.

"ఇదేం దిష్టిబొమ్మరా? వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేలా ఉంది."

నాన్నగారు గట్టిగా నవ్వేశారు. కుండ మీద ఉన్న నవ్వే. అంత దగ్గర కూర్చుని ఆ నవ్వు చూడటం నాకు అదే మొదటిసారి.