వాటాకొచ్చిన సగం బండి

తెల్లవారగానే ఎర్మీనియా చేసే మొదటి పని, పెరట్లోకి వెళ్ళి ఆ బండి తలుపు తెరిచి ఠపీమని మళ్ళీ వేయడం. కాఫీ ఆ తర్వాతే. జపమాల కూడా ఆ తర్వాతే. ముందు నుదుటి మీద సిలువ గుర్తు, వెంటనే తలుపు. తెరవని తలుపు కీళ్ళ దగ్గర తుప్పుపట్టి బిగుసుకుపోతుందని వాళ్ళ నాన్న చెప్పాడట. నిజమే కావచ్చు. కాని అంత గట్టిగా వేయమని ఆయన చెప్పి ఉండడు. ఆ చప్పుడు కాలువ అవతల ఇంట్లో పడుకున్న తమ్ముడు కోస్మేకి వినపడాలి, అదీ సంగతి. మా వీధిలో కోడికన్నా ముందు ఆ తలుపే కూసేది.

బండంటే ఎల్ కమీనో. ముందు సగం కారు, వెనక సగం ట్రక్కు తొట్టి. వాళ్ళ నాన్న ఫెలిసియానో మా చిన్నతనంలో కొన్నాడు. శనివారం అందులో గొర్రెలు సంతకి వెళ్ళేవి, సాయంత్రం తొట్టి కడిగితే ఆదివారం అందులోనే పిల్లలందరం చర్చికి వెళ్ళేవాళ్ళం. ఒక ఏడు మే నెలలో వానకి దారంతా బురదైతే, చర్చిలోని మా కొయ్య పునీతుడు, రైతులను కాచే సాన్ ఇసిద్రో కూడా ఆ తొట్టిలోనే నిలబడి మా పొలాలన్నీ చూసొచ్చాడు. ఆ రోజు ఎర్మీనియా తండ్రి పక్కన ముందు సీట్లో కూర్చుంది. ఆ ముచ్చట ఆమె మరిచిపోలేదు.

న్యూమెక్సికో ఉత్తరాన మా లోయలో తండ్రి పోతే పొలాన్ని అడ్డంగా కోయరు, నిలువునా చీలుస్తారు. ఎంత సన్నటి చీలికైనా ఒక కొస కాలువను తాకాలి. నీళ్ళ వంతు లేని బిడ్డ ఉండకూడదు. మంచి పద్ధతే. కాని చేతికి ఆ అలవాటు పట్టేసి, చీల్చకూడనివి కూడా మేం చీల్చేస్తుంటాం. ఫెలిసియానో పోయాక అక్కాతమ్ముళ్ళ మధ్య పొలం సవ్యంగానే తెగింది. బండి దగ్గరే తగువొచ్చింది. "పొలంలాగే పంచుకు చావండి," అని ఎవరో పెద్దాయన విసుక్కున్నాడు. మర్నాడు కోస్మే గొలుసూ కప్పీ తెచ్చి ఇంజన్నీ గేర్ల డబ్బానీ ఊడదీసుకున్నాడు. అది వాడి వాటా.

ఎర్మీనియా అరుగు మీద చేతులు కట్టుకుని చూసింది.

"తీసుకుపోరా. గుండె లేనోడికి ఎక్కణ్ణుంచో ఒకటి కావాలిగా."

"ఆ డొక్కు నువ్వే ఉంచుకో అక్కా. కోళ్ళ గూడుకి పనికొస్తుంది."

అన్నట్టే అందులో కోళ్ళు గుడ్లు పెట్టాయి. ఇరవై ఏళ్ళకి పైగా ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు. అయితే దేవుడు నాకు కళ్ళిచ్చాడు గనక ఒకటి చెప్పాలి. తన నీళ్ళ వంతు అయిపోయాక కోస్మే తూము వెంటనే మూసేవాడు కాదు. కాసేపు చుట్ట తాగుతూ గట్టు మీద కూర్చునేవాడు. ఆ కాసేపట్లో పొర్లిన నీళ్ళు అక్క పెరట్లోని ఆప్రికాట్ చెట్టుకి అందేవి. ఎండాకాలంలో ఆ పళ్ళు ఒక గంప వాడి గేటు దగ్గర ఉండేవి. ఎవరు పెట్టారని వాడు అడగలేదు, ఎవరు తిన్నారని ఆమె అడగలేదు.

ఎర్మీనియా జీవితమంతా బడి బస్సు నడిపింది. మా ఊళ్ళో నలభైల్లో ఉన్న ప్రతివాడూ ఆమె గొంతుకి భయపడి కూర్చున్నవాడే. బస్సుల షెడ్డులో ఖాళీగా ఉన్నప్పుడు వెల్డింగూ బ్రేకులూ నేర్చుకుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నా బస్సు నిండా పిల్లలే. ఇంకెక్కడ కూర్చోబెడతాను?" అనేది.

పోయిన ఏడు సాన్ ఇసిద్రో పండగ రోజు అపచారం జరిగింది. పునీతుడి కొయ్య విగ్రహాన్ని, పక్కన ఎద్దులతో దేవదూతతో సహా, బల్ల మీద నిలబెట్టి పొలాలకి మోసుకెళ్ళడం మా ఆచారం. మోసే మగవాళ్ళు ముసలివాళ్ళైపోయారు. కాలువ నీళ్ళ వంతులు చూసే పెద్ద ప్రుదెన్సియోకి మోకాలు మడతపడి బల్ల ఒరిగింది. దేవదూత రెక్క విరిగింది. ప్రుదెన్సియో అక్కడే కూర్చుని ఏడ్చాడు.

నెలకోసారి వచ్చే ఫాదర్ దమియాన్ చెడ్డవాడు కాదు. చలికాలం చివర్లో, పూజ అయ్యాక నెమ్మదిగానే చెప్పాడు. "ఈ ఏడు ఊరేగింపు వద్దు. లోపలే ప్రార్థన చేసుకుందాం. ఎవరి నడుమైనా విరిగితే నేనేం సమాధానం చెప్పను?"

"నా ట్రక్కుంది కదా ఫాదర్," అన్నాడు ప్రుదెన్సియో.

"నీ ట్రక్కు తొట్టి నా నెత్తికన్నా ఎత్తు," అంది ఎర్మీనియా. "అంత పైకి బల్ల ఎవరెత్తుతారు? రైతు కాలువ నీళ్ళలో తడిపిన చేత్తో ఆయన పాదాలు ముట్టుకోవాలి. నిచ్చెన వేసుకుంటావా?"

"అయితే ఏం చేద్దామంటావు వదినా?" అన్నాను నేను.

"నా బండి తొట్టి నడుమెత్తే. అందులో వెళతాడు. ఇదివరకు వెళ్ళినవాడే."

చర్చి మెట్ల మీద అందరూ నవ్వారు. ఫాదర్ కూడా నవ్వు దాచుకున్నాడు. "నీ కోళ్ళెక్కడికి పోతాయమ్మా?"

"పూజకొస్తాయి. ఇక్కడ కొందరికన్నా శ్రద్ధగా వింటాయి."

చివరికి ఫాదర్ మెత్తబడ్డాడు. "సరే, ఈ ఒక్క ఏడు. ఏ పొలమూ తప్పకుండా తిప్పి తీసుకురాగలిగితే సరి. దారి మధ్యలో ఆగిపోయిందా, ఇక విగ్రహం గుమ్మం దాటదు. దీనిమీద మళ్ళీ నన్ను అడక్కండి."

ఆ మర్నాటి నుంచి మా వీధికి నిద్ర లేదు. కోళ్ళని దించి, సీటు విప్పితే ఎలుకలు పెట్టిన గూడు ఒక దిండంత వచ్చింది. తొట్టి అడుగు రేకు జల్లెడైపోయింది. తుప్పుపట్టినంత మేరా కోసేసి, పాత నీళ్ళ టాంకు రేకు కత్తిరించి అతుకు వేసింది. బస్సుల షెడ్డువాళ్ళు వెల్డింగ్ మిషను అరువిచ్చి, ఎప్పుడు తిరిగిస్తావని అడగలేదు. బ్రేకు డ్రమ్ములు బిగుసుకుపోతే నూనె పోసి, ప్రార్థన చేసి, సుత్తితో కొట్టింది. "మూడూ కావాలి, ఏ ఒక్కటీ చాలదు," అంది. మా వీధి ఆడవాళ్ళం వంతులేసుకుని బీన్సూ మిరప పులుసూ రొట్టెలూ తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు గోళ్ళనిండా ఉప్పుకాగితం పొడితో వచ్చేవాళ్ళం. ఖాళీ చేతులతో నిలబడ్డవాణ్ణి ఆమె ఊరికే వదిలేది కాదు. ఫాదర్ సైతం ఒకసారి చూడ్డానికొచ్చి కిటికీ చట్రం రుద్ది వెళ్ళాడు.

రంగు చర్చి తలుపులకి వేయగా మిగిలిన నీలం. వెడల్పాటి బ్రష్షుతో వేస్తోంది.

"బండికి బ్రష్షుతో రంగేస్తారా ఎవరైనా?" అన్నాడు ప్రుదెన్సియో.

"దేవుడింటికి వేశాంగా. ఆయనేమైనా నొచ్చుకున్నాడా?"

అన్నీ బాగానే ఉన్నాయి. ఇంజన్ మాటెత్తితే మాత్రం, "మీకెందుకు?" అనేది. అంగడి దగ్గర కోస్మే కాలు మీద కాలేసుకుని చెప్పేవాడు. "వస్తుంది చూడండి. ఇంజన్ కోసం నా గుమ్మం తొక్కక చస్తుందా? నేనేం కాదంటానా? నోరు తెరిచి అడగమనండి." వాడు ఆ ఇంజన్‌ని గోనె పట్టా కప్పి, నూనె రాసి, బిడ్డలా చూసుకునేవాడని ఊరందరికీ తెలుసు.

ఆమె వెళ్ళలేదు. పొద్దున తలుపు మాత్రం ఇంకా గట్టిగా మోగేది.

పండగ ముందురోజు సాయంత్రం దేవదూతకి విరిగిన రెక్క అతికించి, ఎర్మీనియాకి చూపించడానికి తీసుకెళ్ళాను. బండి ముక్కు ఆకాశంలోకి లేచి ఉంది. ఇంజన్ బరువు లేక ముందు స్ప్రింగులు పైకి తన్నాయి.

"నీలాగే ముక్కు పైకెత్తింది వదినా," అన్నాను.

ఆమె నవ్వి బానెట్ ఎత్తింది. ఇంజన్ ఉండాల్సిన చోట, ముక్కు కిందికి దిగేలా ఇసక బస్తాలు పేర్చసాగింది. "ఇంజన్ లేకుండా ఎలా వెళుతుంది?" అన్నాను.

"ఆ ఒక్క ఏడు తప్ప పునీతుడు ఎప్పుడూ మనుషుల చేతుల మీదే కదే వెళ్ళాడు, పెట్రోలు మీద కాదుగా? మనం మొయ్యలేం. తొయ్యలేమా? దీనికి చక్రాలున్నాయి, బ్రేకులున్నాయి. స్టీరింగ్ దగ్గర నేనున్నాను."

"పోనీ ప్రుదెన్సియో ట్రక్కుకి కట్టి లాగిద్దాం."

"కట్టి లాక్కెళ్ళడానికి ఇది చచ్చిన గొడ్డా?"

పండగ నాడు చర్చి ముందు బల్లని తొట్టిలోకి ఎత్తడం చాలా తేలికగా అయింది. ప్రుదెన్సియోనే ఒక కొస పట్టాడు. పట్నంలో ఉద్యోగాలున్నవాళ్ళు చాలామంది రాలేకపోయారు. తోసేవాళ్ళలో ఎక్కువమందిమి ఆడవాళ్ళం, ముసలివాళ్ళం. పాట ఎత్తుకున్నాం. బండి కదిలింది. ఇంజన్ మోత లేదు గనక పాట లోయంతా వినిపించింది. ప్రతి పొలం దగ్గరా రైతు కాలువలో చెయ్యి ముంచి పాదాలు ముట్టుకుంటుంటే, కొందరికి కన్నీళ్ళాగలేదు. ఎర్మీనియా కిటికీలోంచి తల బయటపెట్టి బస్సు గొంతుతో అరిచేది. "ఎడమ పక్కవాళ్ళు నిద్రపోతున్నారా? ఒరేయ్ సిప్రియానో, చిన్నప్పుడు నా బస్సులోనూ ఇంతేరా నువ్వు!" మనవలున్న సిప్రియానో సిగ్గుపడి గట్టిగా తోశాడు.

చివరి పొలం కోస్మేది. చిన్న వంతెన దాటాక అటు దారి ఎక్కుడు. సగం దూరం ఎక్కేసరికి మా పనైపోయింది. ఫాదర్ అంగీ చేతులు పైకి మడిచి మాతోపాటు భుజం ఆనించాడు, అయినా కదల్లేదు. ఎర్మీనియా బ్రేకు వేసి ఆపింది.

"ఇక్కణ్ణుంచే అటు చూపించి దీవిస్తానమ్మా," అన్నాడు ఫాదర్ రొప్పుతూ. "తోసేవాళ్ళు పడిపోయేలా ఉన్నారు."

"దూరం నుంచి దీవిస్తే నీళ్ళూ దూరంగానే ఉంటాయి ఫాదర్."

"పోనీలే అక్కా, కోస్మే పొలమేగా," అన్నాడు సిప్రియానో. "వాడొక్కడిది మానేస్తే ఎవరికి బాధ? నీకైతే అసలే..."

ఎర్మీనియా అతన్ని మాట పూర్తిచేయనివ్వలేదు. "నీళ్ళ వంతు లేని బిడ్డ మా నాన్నకి లేడు," అంది. "ఒక్క పొలం తప్పినా విగ్రహం మళ్ళీ గుమ్మం దాటదు, ఫాదర్ మాట ఫాదర్‌దే. వెనక్కి తిప్పను."

బండి దిగి, శాలువా సర్దుకుని, ఎక్కుడు దారిన ఒంటరిగా నడిచింది. పైన గేటు దగ్గర కోస్మే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తడిపి దువ్విన జుట్టు, చేతుల్లో కాలువ నీళ్ళ గిన్నె. పొద్దుటినుంచీ అలాగే నిలబడ్డాడనుకుంటాను. నీళ్ళు సగం తొణికి చొక్కా తడిసింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మేం పాట ఆపేశాం.

"అడిగుంటే ఇచ్చేవాణ్ణి అక్కా," అన్నాడు వాడు. "నూనె రాసి ఉంచాను. ప్రతి ఏడూ రాశాను."

"తెలుసు. అందుకే అడగలేదు."

"మరి ఇప్పుడెందుకొచ్చావు?"

"ఇప్పుడు అడగడానికే వచ్చాను," అంది ఎర్మీనియా. తల వంచలేదు. "ఇంజన్ కాదు. అది నీ వాటా, నీ దగ్గరే ఉండనీ. ఆ గిన్నె గేటు మీద పెట్టి కిందికి రా. నాన్న బండి తొట్టి తలుపు మీద ఒక్క చెయ్యి వెయ్యరా. మావాళ్ళకి ఊపిరాడ్డం లేదు."