రెండో సగం

వరంగల్‌లోని ఒక టాకీసు గేటు దగ్గర టికెట్లు చింపే ఆజంను “సినిమా ఎట్లుందన్నా?” అని అడగనిదే ఎవరూ లోపలికి పోయేవారు కాదు. పాన్‌ను బుగ్గకు నెట్టి, “నవ్వి నవ్వి సస్తరు, పోన్రి” అనేవాడు. ఇంటర్వెల్ కాగానే సైకిల్ స్టాండు కాపలాకు వెళ్లే ఆజం ఏ సినిమా రెండో సగమూ చూసెరగడు.

ఒకనాడు తొర్రూరు నుంచి కట్టమ్మ అనే ఆమె పెళ్లయిన కూతురిని వెంటబెట్టుకొచ్చి, “మా పిల్లను జర నవ్వించే సినిమానేనా తమ్మీ?” అంది. “ఫికర్ జెయ్యకక్కా” అన్నాడు. ఆట విడిచాక ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుని బయటికొచ్చింది. “ఆఖర్ల పసిబిడ్డ సచ్చిపాయె. మా పిల్లకు మొన్ననే గట్లయిందని నీకేమెరుక తమ్మీ” అని కట్టమ్మే సర్దిచెప్పింది. ఆ పిల్ల సంగతే కాదు, సినిమా సంగతీ ఎరుక లేని ఆజం అటు తిరిగి సైకిళ్ల టోకెన్లు లెక్కపెట్టసాగాడు.

ఇప్పుడెవరడిగినా తలెత్తకుండా టికెట్ చింపుతూ, “ఇంటర్వెల్ దాకా మంచిగుంటది” అంటాడు.